యజమానురాలు క్యూలో ఉన్నారు

మా పిన్ని ఒక సహకార డెయిరీకి, అంటే పాలు పోసే రైతులదే అయిన డెయిరీకి, యజమానురాలు. మొన్న నవంబరు 26 దాకా ఈ సంగతి ఆవిడకే తెలీదు. అమూల్‌ని నడిపించిన కురియన్ పుట్టినరోజు కదా, పాల దినోత్సవం పెట్టారు. మైకు దొరికిన పెద్దమనిషి "ఈ డెయిరీకి మీరే యజమానులు" అని 11 సార్లు అన్నాడు. లెక్కపెట్టింది నేనే. టీ ఇంకా రాలేదు, వేరే పనేం లేదు మరి.

వేదిక వెనక ఫ్లెక్సీ మీద తెలుపూ నలుపూ మచ్చల ఆవు, దాని వెనక మంచుకొండలు. మా ఊరి పాల సేకరణ కేంద్రానికి వచ్చేవన్నీ గేదెపాలే. "చలికి దానికేం కప్పుతారో పాపం" అంది పిన్ని. తర్వాత టీ వచ్చింది. పాలపొడి టీ. ఊళ్లో పాలన్నీ పొద్దున్నే కేంద్రంలో పోసేశాక ఇంకెక్కణ్నుంచి వస్తాయి?

సరే, యజమానురాలి దినచర్య చూద్దాం. నాలుగింటికి లేచి, పేడ తీసి, తవుడు కలిపి, దూడని వదిలి, గేదె చేపాక పితికి, క్యాను పట్టుకుని తన సొంత సంస్థ ముందు క్యూలో నిలబడుతుంది. కేంద్రం కుర్రాడు, అంటే ఆవిడ కింద పనిచేసే ఉద్యోగి అన్నమాట, కాసిని పాలు తీసి మిషనుకి పెడతాడు. నిన్న ఫ్యాట్, అంటే వెన్న శాతం, 6.8. ఇవాళ 5.9.

"అదేంట్రా అబ్బాయ్, అదే గేదె, అదే గడ్డి. రాత్రికి రాత్రి వెన్న ఎక్కడ దాచిపెట్టుకుంది?"

"నాదేముంది పిన్నిగారూ, మిషను చెప్పింది."

"మళ్లీ పెట్టు."

పెట్టాడు. 6.3.

"ఇంకోసారి పెట్టు."

"ఊరికే పెడుతుంటే మిషను పాడైపోద్దండీ."

పాడైతే నష్టం యజమానురాలికే కదా. అందుకని చీటీ మీద 5.9 రాశాడు.

న్యాయంగా చెప్పుకోవాలంటే వెన్న రోజూ ఒకేలా ఉండదు. ఆఖరి ధారలు దూడకి వదిలేస్తే తగ్గుతుంది, మేత మారితే మారుతుంది. కానీ ఒకే గిన్నెలో పాలు రెండు నిమిషాల్లో చిక్కబడతాయా? లీటరు ధర కట్టేది వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) చూసే. పాయింటు తర్వాత అంకె జారితే పిన్ని డబ్బూ జారుతుంది. మిషను నిజం చెబుతోందో లేదో తేల్చడానికి గొట్టంలో యాసిడ్ పోసి తిప్పే గెర్బర్ పరీక్ష ఉంది. మిషనుని ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగాను. కుర్రాడు దాని మెడలో ఎండిపోయిన బంతిపూల దండ చూపించాడు. దసరాకి పూజ చేశారట.

ఈ యజమానుల కథ మొదలైంది గుజరాత్‌లోని ఆణంద్‌లో. 1946లో ఖేడా జిల్లా రైతులు, పాలన్నీ పోల్సన్ కంపెనీకే పోయాలన్న ఏర్పాటు మీద ఒళ్లు మండి, 15 రోజులు బొంబాయికి చుక్క పాలు పోనివ్వలేదు. ఆ డిసెంబరు 14న సొంత సంఘం, అదే తర్వాతి అమూల్, రిజిస్టరు చేసుకున్నారు. మీరే యజమానులని వాళ్లకి మైకులో చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 1949లో వచ్చిన కురియన్, నేను రైతుల జీతగాణ్ని అని చెప్పుకునేవాడు. మా దగ్గర సభ్యుల సభలో జీతగాళ్లు కుర్చీల్లో, యజమానులు కింద పట్టాల మీద. "లెక్కలు ఆమోదించినట్టేనా?", "భోజనాలు రెడీ" అన్న రెండు మాటలూ ఒక్క గుక్కలో వినిపిస్తాయి. చప్పట్లు దేనికి కొట్టారో ఇప్పటికీ తేలలేదు.

భోజనాలయ్యాక సభ్యులకి స్టీలు బకెట్లు పంచారు. పిన్ని లైన్లోకి వెళ్లింది. పుస్తకం తిరగేసినాయన తలెత్తకుండానే, "సభ్యుడు సంతకం పెట్టాలమ్మా, మీ ఆయన్ని పంపించు" అన్నాడు.

పుస్తకంలో ఉన్నది బాబాయి పేరు. గేదె పొదుగు ముట్టుకున్న పాపాన పోలేదాయన. అరుగు మీంచి లేచొచ్చి, సంతకం గీకి, బకెట్టు పట్టుకెళ్లాడు.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావట్లేదు. గట్ల మీద గడ్డి కోసేది ఆవిడ. అర్ధరాత్రి గేదె ఈనితే టార్చిలైటు పట్టుకుని మాయ పడేదాకా కూర్చున్నది ఆవిడ. పొదుగువాపు వస్తే డాక్టరు కోసం తిరిగింది ఆవిడ. సభ్యత్వం ఆయనది, బ్యాంకు ఖాతా ఆయనది, ఓటు ఆయనది. ఎవరికండీ ఈ సహకారం? ఉమ్మడి కరీంనగర్ జిల్లా ములుకనూరులో ఆడవాళ్లే సభ్యులై, ఆడవాళ్లే పాలకవర్గమై డెయిరీ నడుపుతున్నారు, 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతున్నారు. అక్కడ ఆకాశమేమన్నా ఊడిపడిందా? ఒక దరఖాస్తులో పేరు మార్చడానికి మీ దగ్గర పెన్ను లేదా, సిగ్గు లేదా?

మర్నాడు నాలుగింటికి పిన్ని ఆ బకెట్లోనే గేదెకి కుడితి పెట్టింది. ఫ్యాట్ 5.7 వచ్చింది.