మహారాజశ్రీ శుభలేఖ డాట్ ఏపీకే గారికి

పెళ్లి కార్డు వేషంలో వాట్సాప్‌లో వచ్చి ఫోన్లో దూరే దొంగ యాప్ ఫైలు అయిన మహారాజశ్రీ శుభలేఖ డాట్ ఏపీకే గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అందామంటే ఇక్కడ కుశలం ఏమీ ఏడవలేదు కాబట్టి నేరుగా విషయానికొస్తా. నిన్న మధ్యాహ్నం మా బాబాయ్‌ని ఫ్యామిలీ గ్రూపులోంచి పీకేశారండీ. సొంత కూతురి పెళ్లి కార్డు పెట్టినందుకు.

ఆయన పెట్టింది పీడీఎఫ్, మీలా యాప్ కాదు. పైన వినాయకుడు, కింద సుముహూర్తం, పక్కన ఫంక్షన్ హాల్‌కి దారి, అన్నీ ఉన్నాయి. అయినా గ్రూప్ అడ్మిన్ అయిన మా పెద్దత్త కొడుకు క్షణం కూడా ఆలోచించలేదు, ఆయన్ని తీసేసి "మావయ్య ఫోన్ హ్యాక్ అయింది, ఎవరూ నొక్కొద్దు, అందరికీ ఫార్వర్డ్ చేయండి" అని ఎర్ర సైరన్ బొమ్మలతో సహా పెట్టాడు. జనం కూడా చెప్పిన మాట విని ఊరంతా పంచారు, మంచి మాటలు మాత్రం ఇలా ఎప్పుడూ పంచరు.

వాణ్ని కూడా అనలేం లెండి. పోయిన నెల తమరు ముందు మా పెదనాన్న ఫోన్లో దూరి, ఆయన నంబర్ నుంచి అందరికీ ఇదే పేరుతో విచ్చేశారు కదా. ఎవరి పెళ్లో రాయలేదు, అక్కడే ఉంది మీ తెలివంతా. పేరుంటే "ఓహో వాళ్లదా, తర్వాత చూద్దాంలే" అని వదిలేసేవాళ్లం, పేరు లేకపోయేసరికి ఎవరిదో తేలేదాకా మా వాళ్లకి ముద్ద దిగదని మీకెవరు చెప్పారండీ?

ఇంటికొచ్చిన శుభలేఖ బీరువా తాళాలు అడుగుతుందా? మీరు అడిగారు. ముందు వాట్సాప్‌కి అన్‌నోన్ యాప్స్ (అంటే ప్లే స్టోర్ బయటి యాప్‌లు) పర్మిషన్ అన్నారు, తర్వాత ఎస్సెమ్మెస్, కాంటాక్ట్స్, చివరికి యాక్సెసిబిలిటీ. ఆ యాక్సెసిబిలిటీ అనేది కళ్లు కనపడనివాళ్లకి స్క్రీన్ మీదున్నది చదివి వినిపించడానికి, చేతులు సరిగా ఆడనివాళ్లకి సాయంగా పెట్టిన సదుపాయం సార్, దానికి కూడా సిగ్గుపడలేదు మీరు. అన్నీ ఇప్పించుకుని ఐకాన్ మాయం చేసేశారు. పెదనాన్న "కార్డు ఓపెన్ కావట్లేదు, నెట్ వీక్" అనుకుని ఫోన్ పక్కన పడేసి పడుకున్నాడు.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అని ఇన్నేళ్లు చెవులు చిల్లులు పడేలా చెప్పారు కదా, పెదనాన్న చెప్పలేదండీ, పెద్దమ్మకి కూడా చెప్పలేదు. మీరే మెసేజ్‌లోంచి చదువుకుని మీ యజమానులకి పంపేశారు. బ్యాంకులో మాత్రం "ఓటీపీ ఎవరికైనా చెప్పారా?" అనే ఒక్క ప్రశ్నే వాళ్ల దగ్గరుంది, లేదంటే "మరి మీరే కదా ఇన్‌స్టాల్ చేశారు" అంటారు. మూడు పనిదినాల్లో చెబితే పోయిన డబ్బు భారం కస్టమర్‌ మీద పడదని రిజర్వ్ బ్యాంక్ 2017లో చెప్పిన రూలు ఎత్తితే, తప్పు కస్టమర్‌ది కాకపోతేనే వర్తిస్తుందని చదివి వినిపించారు. పక్కింటి ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కొట్టాం కాబట్టి కొంత డబ్బు హోల్డులో పడింది, మిగతాది మీ దగ్గరే ఉంది, వాడుకోండి.

మీ అన్నదమ్ములు కూడా బాగా తిరుగుతున్నారు ఈ మధ్య. బండే లేని మా తమ్ముడికి ట్రాఫిక్ చలాన్ డాట్ ఏపీకే వచ్చింది. పీఎం కిసాన్ లిస్ట్ డాట్ ఏపీకే అని ఇంకొకాయన, రెండు వేల కోసం ఎదురుచూసే రైతు దగ్గర కూడా కొట్టేయడానికి చెయ్యెలా వస్తుందో. ఏ చలానూ ఏ పథకమూ వాట్సాప్‌లో యాప్‌గా రాదు, అది ఇప్పుడు మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, తెలియాల్సినవాళ్లకి తప్ప.

అయితే డబ్బు పోవడం, ఫోన్ రీసెట్ చేస్తే మనవడి ఫొటోలు పోవడం, అవన్నీ ఒక ఎత్తు. మీరు పెదనాన్న వాట్సాప్ కోడ్ కూడా మెసేజ్‌లోంచి లాగేసి (వాట్సాప్‌కి రెండో తాళంలాంటి టూ స్టెప్ పిన్ పెట్టుకోమంటే "మళ్లీ ఇంకో నంబరా" అన్నాడు ఆ మహానుభావుడు) ఆయన పేరుతో ఊరందరికీ వెళ్లారు చూశారా, అది మాత్రం నాకు అరగట్లేదు. రిటైర్డ్ టీచర్ ఆయన, ఆయన పిలిస్తే జనం ఎవరి పెళ్లని అడక్కుండా వస్తారు, ఆ పేరు పట్టుకుని దూరావు. ఇప్పుడు చూడు పరిస్థితి. బాబాయ్ ఫోన్ చేసి పిలుస్తుంటే "ముందు నువ్వేనో కాదో చెప్పు, తాతయ్య దశదిన కర్మ రోజు అన్నయ్య ఎవరితో గొడవపడ్డాడు?" అని అడిగిందట మా అత్త. ఆయన జవాబు చెప్పాడు. చెప్పేసరికి పాత గొడవ మళ్లీ మొదలైంది. ఇంకొకాయనైతే ఫొటో తీసి పంపినా తెరవనన్నాడు, మామూలు ఫొటో అయ్యా, అది ఇన్‌స్టాల్ అడగదు అంటే "అలాగే అంటారు" అన్నాడు. కూతురి పెళ్లి పెట్టుకున్న మనిషి తను దొంగ కాదని ఇంటింటికీ రుజువు చేసుకోవాలా? నువ్వు కోడ్‌వో ఫైల్‌వో నాకనవసరం, నిన్ను రాసినోడి చేతులు పడిపోను, వాడింట్లో పెళ్లికి ఒక్కడు వస్తే ఒట్టు.

పిన్ని మాత్రం లోపల్లోపల సంతోషంగానే ఉంది, బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో తోసేస్తే అది పిలుపేంటని మొదట్నుంచీ ఆవిడ గోల. రేపట్నుంచి ఇద్దరూ కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరుతున్నారు, కారు నడిపేది నేనే. బాబాయ్ కార్డులు మళ్లీ కొట్టిస్తున్నాడు, "కానుకలు స్వీకరించబడవు" కింద "ఈ శుభలేఖను ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు" అని ఇంకో లైను వేయించాలట, వద్దన్నా వినట్లేదు. ఆ లైనుకి ప్రెస్ అతను ఎక్స్‌ట్రా అడుగుతున్నాడు. బిల్లు నీకే పంపుతా, అడ్రస్ పెట్టు. లింక్ మాత్రం పంపకు.

ఇట్లు,
పెళ్లికూతురి అన్నయ్య