మహారాజశ్రీ 23 కిలోల వారికి

మహారాజశ్రీ 23 కిలోల వారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను డాలస్ చేరాను. సూట్‌కేసులు రెండూ చేరాయి, ఒకదాని చక్రం తప్ప. అమెరికా వెళ్ళే ఒక్కో పెట్టెకీ విమానంవాళ్ళు పెట్టిన బరువు హద్దు తమరు. శంషాబాద్ విమానాశ్రయంలో కౌంటర్ పక్కన ఎర్రంకెల్లో వెలుగుతూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మొన్న బుధవారం తెల్లవారుజామున మనం కలుసుకున్నాం. రోజుకి ఇంతమంది పరువు తీసే తమరికి నేను గుర్తుండకపోవచ్చు. నీలం సూట్‌కేసు, పిడికి ఎర్ర రిబ్బను. (ఆ లైనులో ఎర్ర రిబ్బను లేని పెట్టె ఒక్కటీ లేదనుకోండి, అది వేరే సంగతి.) మొదటి పెట్టె సరిగ్గా 23.0. కౌంటర్‌లో అబ్బాయి మెచ్చుకోలుగా తలూపాడు. రెండోది 25.3.

"రెండు కిలోలు తీసేయండి మేడమ్" అన్నాడు. మళ్ళీ అంకె చూసి, "రెండు పాయింట్ మూడు" అని దిద్దాడు. ఆ పాయింట్ మూడు కూడా వదల్లేదు చూడండి!

ఇంట్లో తూచే వచ్చానండీ. కొక్కెం తూకంతో రెండుసార్లు తూచాను. అది అబద్ధం చెబుతుందేమోనని, పెట్టె ఎత్తుకుని బాత్రూమ్ తూకం మీద నించుని, అందులోంచి నా బరువు తీసేసి మరీ లెక్క కట్టాను. నా బరువు ఎంతో మా తమ్ముడికి, వాడి భార్యకి, పాలు పోయడానికి వచ్చినావిడకి తెలిసిపోయింది. అదీ తమరి చలవే. ఇన్ని చేస్తే తేలింది 22.8. మరి తెనాలికీ శంషాబాద్‌కీ మధ్య రెండున్నర కిలోలు ఎలా పెరిగాయి?

నేల మీద మోకాళ్ళు వేసి పెట్టె తెరిచాక తెలిసింది. జీన్స్ మడతలో కారం పొట్లం. బూట్లలో, మేజోళ్ళు ఉండాల్సిన చోట, కవర్లో చుట్టిన సున్నుండలు, కాలికి పదేసి. తువ్వాలులో చింతకాయ తొక్కు. పిల్ల గౌను లోపల, పిన్నీసుతో కుట్టేసినట్టు, వడియాల సంచి. నేను తూచి, తాళం వేసి, స్నానానికి వెళ్ళిన ఆ పావుగంటలో మా అమ్మ చేసిన పని ఇది. కంటి ఆపరేషన్ అయి పది రోజులు కాలేదు, ముక్కుమీద నల్లకళ్ళద్దాలు, ఆ కళ్ళతో తాళం నంబరు ఎలా తెలుసుకుందో! (నా పుట్టిన తేదీ. ఇంకేం పెడతాను నేను.)

తమరిని ఇంత తేలిగ్గా మోసం చేయబోయిన మనిషిని నేనింకొకర్ని చూడలేదు.

ఇక తీయాల్సింది ఏమిటంటే, పెట్టె అడుగున పడుకుని ఉంది మా అమ్మమ్మ అట్లపెనం. ఇనుముది. 2.4 కిలోలు.

ఈ పెనానికీ మనకీ పాత లెక్క ఒకటుంది, తమరికి విన్నవించుకుంటాను. 2009 ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్తున్నప్పుడు అమ్మ పెట్టింది దీన్ని. అప్పుడు నా పెట్టెల్లో ఏమేం ఉన్నాయో చెప్తే నవ్వుతారు. మూడు లీటర్ల కుక్కరొకటి, ఐదు లీటర్లదొకటి, వాటికి విడిగా గాస్కెట్లు, విజిళ్ళు. రెండు జతల కళ్ళజోళ్ళు. డాక్టర్ చీటీతో సహా ఏడాదికి సరిపడా జ్వరం మాత్రలు. సబ్బులు! అమెరికాలో సబ్బులుండవని ఎవరు చెప్పారో మరి, డజను సబ్బులు. "అక్కడ నాన్‌స్టిక్‌వి దొరుకుతాయే, ఈ ఇనప్పెనం ఎవరు మోస్తారు, నవ్విపోతారు" అని పెనం నేనే తీసి పక్కన పడేశాను. ఆ చోటులో రెండు జీన్స్ పెట్టుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. పెనానికి కాస్త నూనె రాసి, పేపర్లో చుట్టి అటకెక్కించింది. ఆ జీన్స్ రెండూ ఏడాది తిరక్కుండా పట్టకుండా పోయాయి.

ఆ తర్వాత తమరితో ఎన్నిసార్లు కలిశానో లెక్క లేదు. మొదట్లో ఇండియాకి వచ్చే పెట్టె నిండా చాక్లెట్లు, సెంట్లు, బాదం పప్పు, విటమిన్ మాత్రలు. మామయ్యకి షేవింగ్ రేజర్లు. ఒక్కొక్కరికి ఎన్ని గ్రాముల ప్రేమ రావాలో కాగితం మీద వేసుకునేదాన్ని. ఇప్పుడా చాక్లెట్లు మా వీధి చివర కొట్లోనే ఉన్నాయి. పిల్లలు పెట్టెలోకి తొంగి చూసి, "ఇంతేనా అత్తా" అని వెళ్ళిపోతున్నారు. అటు డాలస్‌లో గోంగూర, సోనామసూరి, దొండకాయ, అరిసెలు సహా అన్నీ దొరుకుతున్నాయి. అందుకని ఇటూ అటూ కూడా పెట్టె ఖాళీగా ఉండాలి కదా. ఉండదు. వెళ్ళేటప్పుడు మాత్రం తమరి అంకె దాటకుండా ఒక్కసారీ మూత పడలేదు.

ఇందులో నా తప్పు లేని భాగం కూడా ఉంది. "అర కిలోనే అమ్మా, మా వాడు కూడా డాలస్ దగ్గరే" అని ఊళ్ళోవాళ్ళు పొట్లం తెచ్చిస్తారు. ఆ "మా వాడు" ఉండేది హ్యూస్టన్‌లో, కారులో నాలుగ్గంటలు. అర కిలో అన్నది తూస్తే కిలోంబావు. ఫారిన్ ప్యాకింగ్ అని పచ్చళ్ళ కొట్టువాడు చుట్టిన టేపే వంద గ్రాములుంటుంది. ఇంకొకావిడ ఎండు కొబ్బరి చిప్పలు తెచ్చింది. అవి నిప్పంటుకునే సరుకు కింద లెక్క, విమానం ఎక్కనివ్వరు పిన్నీ అంటే, "కొబ్బరి అంటుకోడమేంటే, పెద్దదానివయ్యావు" అంది. పచ్చి కరివేపాకైతే నేనే ఒకసారి దాచాను, ఒప్పుకుంటున్నాను. అక్కడి నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేసే పురుగు దాని మీద వస్తుందని అమెరికావాళ్ళ భయం. ఎయిర్‌పోర్ట్‌లో పొట్టి కుక్క ఒకటి వచ్చి నా పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంది. అరవలేదు, కరవలేదు, కూర్చుంది అంతే. ఆ కూర్చోవడమే చాడీ చెప్పడమట. ఇమిగ్రేషన్ లైన్ల గురించి, "ఎప్పుడొచ్చావు, ఎప్పుడెళ్తావు" అని ఒకే ఊపిరిలో అడిగే బంధువుల గురించి ఇంకో ఉత్తరం రాస్తాను, అవి తమరి శాఖ కాదు.

బుధవారానికి వద్దాం. నేను నేల మీద కూర్చుని సున్నుండలు లెక్కపెట్టుకుంటుంటే, నా వెనకాల లైనులో జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ పనులకి వెళ్తున్న అయిదారుగురు ఉన్నారు. అదే విమానం. వాళ్ళు దోహాలో దిగిపోతారు, నేను అక్కడ మారాలి. వాళ్ళది మీ అన్నగారు 30 కిలోల లెక్క. ఒకాయన సంచికి తాడు కట్టి, మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా రాసుకున్నాడు. దోహాలో పోతే మండలం చూసి ఎవరు తెచ్చిస్తారు అని నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. ఆయన నా పెనం వైపు చూసి, "తీయకమ్మా, గది ఆడ దొరకది" అన్నాడు. ఆయన సంచిలోంచి కౌంటర్ అబ్బాయి దుప్పటి తీయించాడు.

ఆయనతో మాటల్లో పడ్డాను. ఊళ్ళో ఎవరో ఇచ్చిన మసాలా పొట్లం తీసుకోలేదట. గసగసాలుంటే అక్కడ జైలే, ఎవరి పొట్లం ఎవరూ పట్టుకెళ్ళొద్దని ఇంట్లో వందసార్లు చెప్పారట. మాకు ధనియాలతో సమానం, అక్కడ మత్తుమందుతో సమానం. ఇదివరకు సెలవుకి వచ్చినప్పుడు పెద్ద టీవీ తెచ్చేవాడట. 2013 ఆగస్టులో దానికీ సుంకం పెట్టారు కదా, "గప్పటి సంది టీవీ లేదు, కంబళ్ళే" అన్నాడు.

ఇక్కడిదాకా తమరూ తమరూ అన్నాను. ఇక నా వల్ల కాదు.

నువ్వు ఏ మొహం పెట్టుకుని ఆ మనిషి దుప్పటి తూచావు? రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఇల్లు చూసే మనిషి. ఎండలో కడ్డీలు మోసి మోసి, తిరిగొచ్చేటప్పుడు పెళ్ళాం పిల్లలకి ఏం తెస్తే ఆ గడిచిన ఏళ్ళకి సరిపోతుందో తేల్చుకోలేని మనిషి. వాడి దగ్గరా పాయింట్ మూడేనా? మీ కిలోల వంశం సంగతి నాకు తెలీదనుకోకు. అక్కడ పోయినవాళ్ళని పెట్టెలో పంపేటప్పుడు కూడా తూకం వేసే డబ్బులు పుచ్చుకున్నారు. 2019లో గానీ మన విమాన సంస్థ ఒకటి గల్ఫ్ నుంచి వచ్చే పేటికలకి తూకం మానేసి ఒకే రేటు పెట్టలేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళలో అడుగు, ఆ పెట్టె కోసం ఎన్ని రోజులు ఎదురుచూశారో చెప్తారు. బతికుండగా 30 కిలోలు దాటనివ్వలేదు. చచ్చాక మాత్రం కిలోకింత.

సరే. బరువులెత్తే మనిషి నడుము విరక్కుండా ఎంత ఎత్తొచ్చో అమెరికాలో 1991లో ఒక సూత్రం కట్టారు, అన్నీ అనుకూలంగా ఉంటే అందులో పై హద్దు నువ్వే, 23 కిలోలు. పెట్టెలు విసిరే ఆ కుర్రాళ్ళ నడుములు బాగుండాలి, కాదనను. ఎండుమిరపకాయల బస్తా ఎత్తి మిల్లుకి తీసుకెళ్ళి నా కారం పట్టించిన మా అమ్మ నడుముకి ఏ సూత్రం కట్టారో అదీ చెప్పు.

"ఎక్కువైన బరువుకి డబ్బు కట్టేస్తే పోదా మేడమ్" అన్నాడు కౌంటర్ అబ్బాయి జాలిగా. వంద డాలర్లు. ఎనిమిది వేల తొమ్మిది వందలు.

నా అసలు బాధ ఇక్కడుంది. దీన్నే నేను ఈ వారమంతా వదల్లేకపోతున్నాను.

ఇండియాలో ఉన్న ఆ పది రోజుల్లో నేను ఆటోవాడితో, చీరల కొట్లో, హోటల్లో అన్నిచోట్లా మనసులో డాలర్లలోకి మార్చుకుని "అంతేగా, రెండు డాలర్లే" అనుకుంటూ తిరిగాను. టమోటాలవాడి దగ్గర బేరమాడుతున్న మా మరదల్ని ఆపి, "పోనీలే పాపం" అన్నాను. మరదలు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. అలాంటిదాన్ని, కౌంటర్ ముందు ఆ వంద డాలర్లు వినగానే రూపాయల్లోకి మార్చేశాను. 2009లో కాఫీ కొనడానికి కూడా యాభైతో హెచ్చవేసుకున్న పిల్ల ఎక్కడి నుంచో లేచొచ్చి, "ఎనిమిది వేల తొమ్మిది వందలా! పెనానికా!" అంది. మా ఆయనకి ఫోన్ చేస్తే, "కొత్త పెనం ముప్పై డాలర్లు, ఆలోచించుకో" అన్నాడు. ఆయన లెక్క కరెక్టే. అదే పాపం.

కేబిన్ బ్యాగులో పెడదామంటే, "ఇనప సామాను సెక్యూరిటీలో ఆపేస్తారు" అన్నాడు అబ్బాయి. సున్నుండలు తీద్దామంటే ఒక్కొక్కటీ అమ్మ చేతిలో తిరిగింది. పెనమైతే చెడిపోదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఈ పెనం కోసం అమ్మ నాలుగు రోజులు కష్టపడింది. ఈసారి నేనే అడిగాను మరి. పదహారేళ్ళలో ఆరు నాన్‌స్టిక్ పెనాలు మార్చాను. అన్నిటికీ రెండేళ్ళకే నల్లపొర లేచింది. మా పిల్ల అమ్మమ్మ ఇంట్లో తిన్నట్టు అంచు కరకరలాడే అట్టు కావాలంటుంది. అటక మీంచి దించితే పెనం నిండా తుప్పు. చింతపండు పెట్టి రుద్ది, కడిగి, పొయ్యి మీద పొగొచ్చేదాకా కాల్చి, ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి రుద్దుతూనే ఉంది. కళ్ళకి పొగ తగలకూడదని డాక్టర్ చెప్పాడంటే, "అద్దాలున్నాయిగా" అంది. మొదటి అట్టు అంటుకుంది. రెండోది ముక్కలైంది. మూడోది అట్లకాడ ఆన్చగానే లేచొచ్చింది. అమ్మ దాన్ని నాకు వెయ్యకుండా, అలా అట్లకాడ మీదే పట్టుకుని కాసేపు చూసుకుంది.

గేటు దగ్గరికి పరిగెత్తాను. అద్దం అవతల తమ్ముడు ఇంకా వెళ్ళలేదు. నేను చెకిన్ అయ్యానని ఫోన్ చేస్తేగానీ కదలడు. జవానుని బతిమాలి పెనం చేతికిచ్చాను. వాడు పేపరు విప్పి చూసి, "ఎంత కట్టమంటున్నారక్కా" అన్నాడు. చెప్పాను. "నేను కడతానుండు" అని జేబులోంచి ఫోన్ తీశాడు. వాడి జీతం ఎంతో నాకు తెలుసు.

"వద్దులేరా. వచ్చేసారి తీసుకెళ్తా."

"2009లోనూ ఇలాగే వదిలేశావక్కా" అనలేదు వాడు. అనుంటే బాగుండేది. పెనం చంకలో పెట్టుకుని, అద్దం అవతలినుంచి చెయ్యూపాడు.

తిరిగొచ్చి పెట్టె మళ్ళీ నీ మీద పెట్టాను. 22.9 చూపించావు. లైనంతా ఊపిరి పీల్చుకుంది. వంద గ్రాములు మిగిలాయి. ఆ వంద గ్రాముల్లో ఇంకో మూడు సున్నుండలు పట్టేవి. కౌంటర్ పక్కన నిలబడి కవర్లోవి రెండు నేను తినేశాను, ఒకటి జగిత్యాల ఆయనకిచ్చాను.

ఇట్లు,
పీఎన్‌ఆర్ నంబరు అడిగితే చెప్తాను, పేరు అడగొద్దు.

తా.క.: అమ్మకి పెనం సంగతి తమ్ముడు ఇంకా చెప్పలేదు. నిన్న వీడియో కాల్‌లో, "అట్లు వస్తున్నాయా" అని అడిగింది. వస్తున్నాయన్నాను.