ఇరవై నాలుగు చేదులు

(హాంకాంగ్‌లో షామ్ షుయ్ పో. పదిహేడో అంతస్తులో కొడుకు అద్దెకుంటున్న ఫ్లాటు. వంటింట్లో ఒకరుంటే రెండోవాళ్లు గుమ్మం బయట నిలబడి మాట్లాడాల్సిందే. కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్లారు. శ్రీకాకుళం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు సూర్యనారాయణ అప్పుడే బయటి నుంచి వచ్చి చెమట తుడుచుకుంటున్నారు. ఆయన భార్య పార్వతమ్మ సంచీ వైపు చూస్తోంది.)

పార్వతమ్మ: ఏవండీ, ఆ సీసాలో నల్లగా ఏమిటది?

సూర్యనారాయణ: మందు.

పార్వతమ్మ: మందా! ఈ వయసులో మొదలెట్టారా?

సూర్యనారాయణ: ఆ మందు కాదే. కింద సందు చివర కషాయం కొట్టుంది చూడు, సొరకాయ ఆకారంలో రెండు పెద్ద ఇత్తడి బిందెలు తళతళా మెరుస్తుంటాయి. అక్కడిది. లెంగ్ చా అంటారు. ఒంట్లో వేడి లాగేస్తుంది.

పార్వతమ్మ: వేడి ఎవరికి చేసింది?

సూర్యనారాయణ: నాకే. నోరంతా పూసింది, చూడు. (నాలుక బయటపెడతారు)

పార్వతమ్మ: లోపలికి పెట్టండి, చూడలేకున్నా. పూయదూ మరి! నెల రోజులకని తెచ్చిన ఆవకాయ సీసా అప్పుడే అడుగంటింది. పైగా మొన్న కిలో లిచీలు ఒక్కరే కూర్చుని లాగించారు.

సూర్యనారాయణ: ఒక్క లిచీ తింటే ఒంట్లో మూడు మంటలని ఇక్కడ సామెతట. అబ్బాయి తర్వాత చెప్పాడు.

పార్వతమ్మ: మీరు తిన్నవెన్ని?

సూర్యనారాయణ: నలభై ఉంటాయేమో.

పార్వతమ్మ: అయితే 120 మంటలు. లెక్కల మాస్టారు మీరు, గుణించింది నేను! అసలు పుట్టింది అరసవల్లి, పెట్టింది సూర్యనారాయణ పేరు. మీకు కాకపోతే ఇంకెవరికి చేస్తుంది వేడి?

సూర్యనారాయణ: అందుకే విరుగుడు తాగుతున్నా. దీన్ని ఇరవై నాలుగు రుచుల కషాయం అంటారు. 24 మూలికలు.

పార్వతమ్మ: లెక్కపెట్టారా?

సూర్యనారాయణ: అంటే... పేరుకి 24. ఒక కొట్లో పదే వేస్తారట, ఇంకో కొట్లో 28 దాకా పోతాయట.

పార్వతమ్మ: అర మార్కు కోసం పిల్లలకి తొడపాశం పెట్టిన మనిషి, పదిని ఇరవై నాలుగంటే నోరు మూసుకుని తాగొచ్చారన్నమాట!

సూర్యనారాయణ: నోరు మూసుకుని ఎలా తాగుతానే?

పార్వతమ్మ: ఎంత పోశారు దీనికి?

సూర్యనారాయణ: గిన్నె 12 హాంకాంగ్ డాలర్లు.

పార్వతమ్మ: (వేళ్లు మడుస్తూ) 130 రూపాయలా! కషాయానికి! మన పెరట్లో నేలవేము కాసి గ్లాసులో పోసి ఇస్తే, నేనిటు తిరిగేసరికి జామచెట్టు మొదట్లో పోశారు. ఆ ఏడు జామకాయలు కూడా చేదెక్కాయి.

సూర్యనారాయణ: అది మరీ చేదే!

పార్వతమ్మ: ఇదో?

సూర్యనారాయణ: ఇదీ చేదే. కాకపోతే తాగగానే ఆవిడ ఉప్పూ తీపీ పట్టించిన ఎండు ప్లమ్ పండొకటి చేతిలో పెడుతుంది. నువ్వెప్పుడైనా పెట్టావా?

పార్వతమ్మ: ఆవిడా? ఎవరావిడ?

సూర్యనారాయణ: కొట్టావిడ. ఎనభై దాటుంటాయి, కంగారు పడకు.

పార్వతమ్మ: ఆవిడకి తెలుగు రాదు, మీకు వాళ్ల భాష రాదు. మీ జబ్బు ఆవిడకెలా తెలిసింది?

సూర్యనారాయణ: నాలుక చూపించాను.

పార్వతమ్మ: నడిరోడ్డు మీద పరాయి ఆడమనిషికి నాలుక చూపించారా!

సూర్యనారాయణ: డాక్టరుకి చూపించమా? ఒక్కసారి చూసి 'యీట్ హే', అంటే వేడి చేసిందంటూ మొహం చిట్లించింది. అచ్చం మా అమ్మే అనుకో. ఎండలో గోళీలాడి ఇంటికొస్తే అదే చూపు.

పార్వతమ్మ: అదలా ఉంచండి. చలవ చెయ్యాలంటే చల్లగా ఉండాలి కదా, సీసా కాలిపోతోందేం?

సూర్యనారాయణ: వేడివేడిగా తాగితేనే గుణం. చెమట పట్టాలి. ఐసు నీళ్లంటే పెద్దవాళ్లు ఇక్కడ ససేమిరా అంటారు.

పార్వతమ్మ: బయట 33 డిగ్రీలు, గాలిని పిండితే చెంబుడు నీళ్లు వస్తాయి. ఎండ హెచ్చరిక ఫోన్లో పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది. ఉన్న చెమట చాలదనా?

సూర్యనారాయణ: చరిత్ర తెలీకుండా మాట్లాడకు. 1828లో గ్వాంగ్‌జౌలో వాంగ్ లో కాట్ అని కషాయం కొట్టు పెట్టారు. ఆ పేరుతో ఇప్పటికీ డబ్బాల్లో అమ్ముతున్నారు. 2006లో చైనా ప్రభుత్వం ఈ కషాయాన్ని జాతీయ వారసత్వ జాబితాలో ఎక్కించింది.

పార్వతమ్మ: నా చోడి అంబలిని ఏ ప్రభుత్వమూ ఎక్కించలేదు, అందుకే మీకు లోకువ.

సూర్యనారాయణ: 1950లలో ఈ కొట్లలో రేడియోలు, డబ్బులేస్తే పాటలు పాడే పెట్టెలు ఉండేవట. కుర్రాళ్లు ఒక్క గిన్నె కొనుక్కుని గంటలు గంటలు కూర్చునేవారట.

పార్వతమ్మ: పొద్దున తొమ్మిదింటికి పోయి పన్నెండింటికొచ్చారు. మీకే పాట వినిపించింది?

సూర్యనారాయణ: పాట కాదే, అక్కడ ఏసీ బాగుంది. ఇదిగో, నిన్నూ మర్చిపోలేదు. నీకు వేరే సీసా, తియ్యటిది. అయిదు పూల కషాయం. చామంతి, దేవగన్నేరు, బూరుగు పువ్వు, ఇంకో రెండు నాకు తెలీనివి.

పార్వతమ్మ: పూజ బుట్టలోవన్నీ మరగబెట్టేశారా! ఇందులో మందారం లేనందుకు సంతోషం. నాకూ ఆ నల్లదే తేకూడదూ? పొదుపా?

సూర్యనారాయణ: కాదే! ఒంట్లో చలవ ఎక్కువున్నవాళ్లు ఆ చేదుది తాగకూడదట. నీకెప్పుడూ కాళ్లు చల్లబడుతుంటాయిగా.

పార్వతమ్మ: మీతో నలభై అయిదేళ్లు కాపురం చేశాక ఇంకా చలవ మిగిలుందా నాకు? (ఒక గుక్క తాగి) ఊఁ. పంచదార తగ్గించాల్సింది. పెసలు నానబోశాను, ఉడికించి బెల్లం వేసిస్తా, సాయంత్రానికి నోరు తగ్గుతుంది.

సూర్యనారాయణ: పెసలు వీళ్లూ అంతే, చలవకే తాగుతారు. కొందరు సముద్రపు నాచు కూడా వేస్తారట.

పార్వతమ్మ: శ్రీరామనవమికి వడపప్పు చేసుకునే పెసల్లో నాచా! ఆ మాట మళ్లీ నా వంటింటి దగ్గర అనకండి. (సంచీలో చెయ్యి పెట్టి) ఈ చిన్న డబ్బా ఏమిటి?

సూర్యనారాయణ: అదా, నల్ల జెల్లీ. చేదుగానే ఉంటుంది గానీ పైన పాకం పోసుకుంటే జారిపోతుంది. కొట్లో ఒకటి తిన్నా, ఇంకోటి కట్టించుకొచ్చా.

పార్వతమ్మ: మూత మీద తాబేలు బొమ్మేమిటండీ?

సూర్యనారాయణ: కంపెనీ గుర్తు. గుర్రం గుర్తు సబ్బుంటే గుర్రాన్ని అరగదీసి చేసినట్టా?

పార్వతమ్మ: నిన్న కోడలు ఈ జెల్లీ గురించే చెప్పింది. తాబేలు పొట్ట కింది చిప్పని, ఏవో దుంపల్నీ కలిపి గంటల తరబడి ఉడికిస్తారట.

(నిశ్శబ్దం. మాస్టారు కషాయం గ్లాసు కింద పెట్టేశారు.)

సూర్యనారాయణ: నిన్ననే చెప్పొచ్చుగా!

పార్వతమ్మ: పొద్దున్నే పోయి తినొస్తారని నాకు కలొచ్చిందా? రాముడా! విమానం ఎక్కే ముందు శ్రీకూర్మం వెళ్లాం. గుళ్లో తాబేళ్లకి మీ చేత్తో ఆకుకూర పెట్టారు. ఫోటో కూడా తీయించుకున్నారు!

సూర్యనారాయణ: ఆగు, ఆగు. కొన్ని కొట్లలో తాబేలు పేరుకేనట. అసలు వెయ్యనే వెయ్యరట. ఆ ఇరవై నాలుగు లెక్కలాగే.

పార్వతమ్మ: మొదటిసారి లెక్క తప్పాలని దణ్ణం పెట్టుకుంటున్నారు కదూ?

సూర్యనారాయణ: నవ్వకు. ఏం చేద్దాం ఇప్పుడు?

పార్వతమ్మ: వెళ్లి కనుక్కుని రండి.

సూర్యనారాయణ: ఏ భాషలో?

పార్వతమ్మ: నాలుక చాపి వేడి చెప్పిన మనిషి, తాబేలు చెప్పలేరా?

(మాస్టారు సోఫా దిండు వీపుకి ఆనించుకుని, వంగి, మెడ ముందుకి సాచారు.)

సూర్యనారాయణ: ఇలాగా?

పార్వతమ్మ: అది కొంగ. మెడ పూర్తిగా లోపలికి లాక్కోండి. ఇప్పుడు మెల్లిగా బయటికి... ఆఁ. చేతులు పక్కలకి. కళ్లద్దాలు తీసెయ్యండి, తాబేళ్లకుండవు.

సూర్యనారాయణ: ఇదంతా చేసి ఆ డబ్బా చూపించానంటే, ఇంకోటి కావాలనుకుని కట్టిచ్చేస్తుందే ఆవిడ!

పార్వతమ్మ: అయితే డబ్బులు పట్టుకెళ్లకండి.