పెద్దవాళ్లు ఒంటరిగా ఉండగలరో లేదో వాట్సాప్ గ్రూపులో తేల్చేస్తారా?

డెబ్బై అయిదు దాటిన తల్లినో తండ్రినో "ఇక ఒక్కళ్లే ఉండలేరు" అని తేల్చేయడం మన ఇళ్లలో ఎంత తేలికైపోయిందో చూస్తుంటే కడుపు మండిపోతోంది. ఫ్యామిలీ గ్రూపులో కాస్త చర్చ, అమెరికా నుంచి ఒక వీడియో కాల్, హైదరాబాద్‌లో ఏదో వృద్ధుల హోమ్‌కి అడ్వాన్సు. అంతే. ఆ మనిషిని అడిగేవాళ్లుండరు. అడిగినా, "నేను రాను" అంటే మొండితనం, మతిమరుపు. "సరే, మీ ఇష్టం" అంటే మాత్రం బుర్ర బాగానే ఉన్నట్టు లెక్క!

మా పెద్దమ్మది తాడేపల్లిగూడెం. పెదనాన్న పోయాక సొంతింట్లో ఒక్కతే ఉంటోంది. పోయిన వేసవిలో బాత్‌రూమ్‌లో పడింది. మాట తడబడింది, ఏ రోజో చెప్పలేకపోయింది. ఆసుపత్రిలో చేర్పిస్తే, ఇంకా తేరుకోకముందే మంచం మీదే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. చెవి మిషన్ ఇంట్లోనే ఉండిపోయింది. నూట్లోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నారు. ఒకదాని మీద ఒకటి ఉన్న అయిదు మూలల బొమ్మలు గీయమన్నారు. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి ఆవిడ. మార్కులు తక్కువొచ్చాయి. డిశ్చార్జి కాగితం మీద "ఒంటరిగా ఉండరాదు" అని ఒక లైను రాసిచ్చారు. ఆ లైను పట్టుకుని మా అన్నయ్య డల్లాస్ నుంచే మిగతాదంతా నిర్ణయించేశాడు.

నిజానికి అప్పుడు ఆవిడ ఒంట్లో సోడియం బాగా పడిపోయింది. బీపీకి ఇచ్చే కొన్ని నీరు తీసే మాత్రల వల్ల పెద్దవాళ్లలో ఇది తరచూ జరిగేదే. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, బీ12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి అయోమయంగా కనిపించవచ్చు. సోడియం సరయ్యాక పెద్దమ్మ మామూలైపోయింది. కాగితం మీద రాసింది మాత్రం ఎవరూ మార్చలేదు.

పెద్దమ్మకు పెట్టిన ఆ ముప్పై మార్కుల జ్ఞాపకశక్తి పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది. ఎవరికి ఇంకా లోతైన పరీక్ష కావాలో వడకట్టడానికి పనికొస్తుంది. చదువు తక్కువైతే మార్కులూ తగ్గుతాయని తెలిసే, మన దేశంలో చదువురాని వాళ్ల కోసం దాన్ని హిందీలో మార్చి వాడారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో పరీక్షలు తయారు చేయించింది. కానీ ఎంత మంచి పరీక్షయినా, ఒక మనిషి తన ఇంట్లో తానుండాలని నిర్ణయించుకోగలదా లేదా అన్నది మార్కుల్లో దొరకదు.

అది తేలాలంటే చూడాల్సినవి వేరు. తన పరిస్థితి తనకు అర్థమవుతోందా, ఉంటే ఏమవుతుందో వెళ్తే ఏమవుతుందో బేరీజు వేసుకోగలదా, తన నిర్ణయం ఏదో ఒక రకంగా చెప్పగలదా. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో దాదాపు ఇదే ఉంది. ఒకరి నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన వాళ్లకు సామర్థ్యం లేదనకూడదని కూడా అందులోనే ఉంది. ఆ చట్టం మానసిక వైద్యం వరకే. ఇంగ్లండ్‌లో 2005 నాటి చట్టం మాత్రం ఎక్కడ ఉండాలన్న నిర్ణయానికీ ఇదే సూత్రం పెట్టింది. అక్కడ పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. మన 2007 వృద్ధుల చట్టం భరణం గురించి, ఆస్తి గురించి చెబుతుంది. ఈ ప్రశ్న దగ్గరికి రాదు.

ఆస్తి అంటే గుర్తొచ్చింది. పడిపోవడానికి కొద్ది నెలల ముందే పెద్దమ్మ చేత ఊళ్లో ప్లాటు అమ్మించారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో తీశారు, వేలిముద్ర వేయించుకున్నారు. అప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా, చేసేది అర్థమై, దాని మంచిచెడ్డలు ఆలోచించుకోగలిగిన మనిషే ఒప్పందం చేయాలంటుంది. ప్లాటు అమ్మడానికి సరిపోయిన తెలివి, సొంత మంచం మీద పడుకోవడానికి సరిపోదా?

అందరూ ఉండగలరని నేననడం లేదు. దేశంలో అరవై దాటినవాళ్లలో దాదాపు 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గిపోయే జబ్బు) ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లలో నిజంగా ఒంటరిగా వదలకూడని వాళ్లున్నారు. గిన్నె మాడడం అందరిళ్లలోనూ ఉంటుంది. మాడిన గిన్నె చూపించినా "నేనెప్పుడు పొయ్యి వెలిగించాను?" అంటూ, రేపటి జాగ్రత్త ఆలోచించలేకపోతే అప్పుడు భయపడాలి. మాటల్లో ఎంతో బాగా చెప్పి, చేతల్లో చేయలేని వాళ్లూ ఉంటారు. అందుకే ఇంట్లోనే, వాళ్లు రోజూ చేసే పనులు చేయించి చూడాలి.

పెద్దమ్మ దగ్గర మేం అదే చేశాం. "రాత్రి పడిపోతే ఏం చేస్తావు పెద్దమ్మా?" అంటే పక్కింటి వాళ్లకి ఫోన్ చేస్తానంది. చేసి చూపించమన్నాం. కళ్లద్దాలు పెట్టుకుని, రెండో నంబరు నొక్కిపట్టి, అవతలివాళ్లు ఎత్తేదాకా ఆగింది. పొయ్యి కట్టేసి, రెగ్యులేటర్ కూడా తిప్పింది. పాలవాడి పుస్తకంలో వాడు ఒక పూట ఎక్కువ రాసిన సంగతి తనే చూపించింది. మాత్రల దగ్గర మాత్రం దొరికిపోయింది. రెండు స్ట్రిప్పులూ ఒకే రంగు కావడంతో బీపీ మాత్ర రెండుసార్లు వేసుకుంటోంది. అది ఇల్లు ఖాళీ చేయించాల్సిన కారణమా? వారానికి సరిపడా గళ్ల డబ్బా కొన్నాం. మందుల షాపు అబ్బాయి ఆదివారం వచ్చి సర్దిపోతున్నాడు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాం.

మళ్లీ పడితే, అంటాడు అన్నయ్య. పడొచ్చు. ఆ మాట పెద్దమ్మతోనూ అన్నాం. "పడితే ఇక్కడే పడతాను, నాకు తెలిసిన గోడలు" అంది. ప్రమాదం తెలిసి, ఆలోచించుకుని చెప్పిన మాట అది. దాన్ని మొండితనం అనడానికి నాకు నోరు రాదు.

డాక్టర్లకు నాదొక విన్నపం. "ఒంటరిగా ఉండరాదు" అని రాసేముందు, ఏ రోజు చూశారో, అప్పుడు ఒంట్లో ఎలా ఉందో, చెవి మిషన్ పెట్టారో లేదో కూడా రాయండి. కోలుకున్నాక మళ్లీ చూడాలని రాయండి. మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే రెండో పరీక్ష అడగండి. తమను బలవంతంగా తరలిస్తున్నారని పెద్దవాళ్లకు అనిపిస్తే వృద్ధుల సహాయ నంబరు ఎల్డర్ లైన్ 14567కి వాళ్లే ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు మీ అమ్మగారి ఫోన్‌లో మీరే వేసి ఇవ్వండి.