‘ఫాంటమ్’ను ఆపింది జనం కాదు, వారం ఖర్చు

2023 ఏప్రిల్ 16న న్యూయార్క్‌లో పెద్ద నాటక హాళ్లుండే బ్రాడ్‌వేలో ‘ద ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ చివరి ప్రదర్శన జరిగింది. అది 13,981వది. 1988 జనవరి 26న మెజెస్టిక్ థియేటర్‌లో మొదలైన ఈ సంగీత నాటకం 35 ఏళ్లు అదే హాల్లో ఆడింది. బ్రాడ్‌వేలో ఇంతకాలం ఆడిన నాటకం మరొకటి లేదు. విచిత్రమేమిటంటే ఆపేసే ముందు వారాల్లో హాలు కిటకిటలాడింది. వారం వసూళ్లు 30 లక్షల డాలర్లు దాటాయి. అంతకు కొద్ది నెలల ముందు డిస్కౌంట్‌లో దొరికిన టికెట్ కోసం జనం ఎగబడ్డారు.

ఇలాంటి నాటకం మూతపడితే పత్రికల్లో కొన్ని మాటలు తప్పకుండా కనిపిస్తాయి. కాలం మారిందంటారు, కొత్త తరానికి పాత సంగీతం ఎక్కలేదంటారు, జనానికి మొహం మొత్తిందంటారు. ఈ వివరణల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మొహం మొత్తేదే అయితే 1996 నవంబర్‌లో మొదలైన ‘షికాగో’ ఇన్నేళ్లు నిలవకూడదు. ‘ఫాంటమ్’కి ఉన్నంత పేరు దానికి లేదు, ఆ స్థాయి హంగులూ లేవు. తేడా వారానికయ్యే ఖర్చులో ఉంది.

బ్రాడ్‌వేలో లెక్కలన్నీ వారం చొప్పునే సాగుతాయి. సోమవారం నుంచి ఆదివారం దాకా ఎనిమిది షోలు. నటులు, వాద్యకారులు, తెర వెనక పనివాళ్ల జీతాలు, హాలు అద్దె, ప్రకటనలు, రాయల్టీలు అన్నీ కలిపితే వారం ఖర్చు తేలుతుంది. పెట్టుబడి రాబట్టుకోవడం వేరే లెక్క. ‘ఫాంటమ్’ తన పెట్టుబడిని ఎప్పుడో తీర్చేసి, ఒక్క బ్రాడ్‌వేలోనే 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కానీ నిరుడు వచ్చిన లాభంతో ఈ వారం జీతాలు ఇవ్వాలని ఏ నిర్మాతా అనుకోడు. ఏళ్ల తరబడి ఆడిన నాటకమైనా ప్రతి సోమవారం మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాల్సిందే.

2022లో ‘ఫాంటమ్’కి వారానికి సుమారు తొమ్మిదిన్నర లక్షల డాలర్లు ఖర్చవుతోందని వార్తలొచ్చాయి. వసూళ్లు చాలా వారాల్లో అంతకంటే తక్కువే. ఈ ఖర్చు వెనుక వృథా ఏమీ లేదు, ఆ నాటకాన్ని 1986లో లండన్‌లో తయారు చేసిన తీరే అంత. స్టేజి ముందు వాద్యబృందం కూర్చునే పిట్‌లో 27 మంది వాద్యకారులు ఉండేవారు. 2022 నాటికి బ్రాడ్‌వేలో అంత పెద్ద ఆర్కెస్ట్రా మరే నాటకానికీ లేదు. పైనుంచి వేలాడే టన్ను బరువున్న దీపాల గుత్తి (షాండ్లియర్), నేలమాళిగ సరస్సు మీద పడవ, వందల సంఖ్యలో దుస్తులు. స్టేజి మీదా వెనకా కలిపి దాదాపు 125 మందికి అదే జీవనాధారం. 1980ల్లో ఈ భారీతనం చూడటానికే జనం వచ్చారు. ఆ తర్వాత జీతాలు పెరిగాయి, అన్నిటి ధరలూ పెరిగాయి, షాండ్లియర్ బరువు మాత్రం తగ్గలేదు. అప్పట్లో జనాన్ని రప్పించిన ఆడంబరమే చివరికి దాని మెడకు చుట్టుకుంది.

‘షికాగో’ను చూస్తే స్టేజి మీద పెద్దగా సెట్టే ఉండదు. బ్యాండ్ మధ్యలోనే కూర్చుంటుంది. దుస్తులన్నీ దాదాపు నలుపే. మొదట కచేరీలా వేసిన ప్రదర్శనే పెరిగి ఇలా పూర్తి నాటకమైంది. టికెట్లు కాస్త తగ్గినట్టనిపిస్తే టీవీలోనో సినిమాలోనో పేరున్న ఒకరిని కొన్ని వారాలకు ముఖ్యపాత్రలోకి తెస్తారు. 2022లో పమేలా ఆండర్సన్ అలాగే వచ్చారు. దీన్ని చవకబారు ఎత్తుగడ అని విమర్శకులు వెక్కిరిస్తారు. ఏదేమైనా దానితోనే ఇంతమందికి ఇన్నేళ్లు పని దొరికింది కాబట్టి నేను వెక్కిరించను.

హాలు యజమాని సంగతి చాలామంది ప్రేక్షకులకు తెలియదు. బ్రాడ్‌వేలో ఉన్నవి 41 థియేటర్లు. వాటిలో ఎక్కువ భాగం షూబర్ట్, నెడర్‌లాండర్, ఏటీజీ అనే మూడు సంస్థల చేతుల్లో ఉన్నాయి. నాటకం నిర్మాతది, హాలు యజమానిది. ఒప్పందాల్లో సాధారణంగా ‘స్టాప్ క్లాజ్’ అని ఒక షరతు ఉంటుంది. వసూళ్లు వరసగా రెండు వారాలు ముందే అనుకున్న అంకె కంటే తగ్గితే హాలు ఖాళీ చేయించే హక్కు యజమానికి వస్తుంది. ఆయనకి అద్దెతో పాటు వసూళ్లలో వాటా కూడా ఉంటుంది కాబట్టి సగం నిండిన హాలు ఆయనకీ నష్టమే.

మన సినిమా ఎగ్జిబిటర్లకు ఇది కొత్త మాటేం కాదు. హాలు అద్దె కూడా రానప్పుడు మన ట్రేడ్‌లో ‘డెఫిసిట్’ అంటారు. రెండో వారానికి డెఫిసిట్ పడితే సినిమాను ఎత్తేస్తారు. అద్దె పద్ధతి వద్దు, పర్సంటేజీ కావాలని రెండు తెలుగు రాష్ట్రాల సింగిల్ స్క్రీన్ వాళ్లు 2025లో గొడవ చేసింది కూడా ఈ లెక్క మీదే. అయితే సినిమాను మార్చడానికి ఒక శుక్రవారం చాలు. బ్రాడ్‌వేలో ఒక హాలు ఖాళీ కావాలంటే ఏళ్లు పట్టొచ్చు. అందుకే పెద్ద హాళ్ల కోసం నిర్మాతలు వరసలో ఉంటారు. ఆ వరస పొడవు పెరిగేకొద్దీ లోపల ఆడుతున్న నాటకం మీద ఓపిక తగ్గుతుంది.

కొన్నిసార్లు నాటకానికి ఏ జబ్బూ ఉండదు, దాని చోటు ఇంకొకరికి కావాలి, అంతే. ‘మమ్మా మియా’ 2001 అక్టోబర్ నుంచి వింటర్ గార్డెన్ థియేటర్‌లో ఆడింది. 2013లో ‘రాకీ’ కోసం దాన్ని అక్కడి నుంచి కదిపి చిన్నదైన బ్రాడ్‌హర్స్ట్‌కు పంపారు. బాక్సింగ్ రింగ్ ప్రేక్షకుల మధ్యలోకి వచ్చేలా భారీ సెట్ వేసిన ‘రాకీ’ 2014 మార్చిలో తెర లేపి ఆగస్టులో దించేసింది. మొత్తం 188 ప్రదర్శనలు. చిన్న హాలుకు వెళ్లిన ‘మమ్మా మియా’ దాని తర్వాత కూడా ఏడాదికి పైగా ఆడి 2015 సెప్టెంబర్‌లో ముగిసింది. డిస్నీ సంస్థ తన నాటకంతోనే ఇలా చేసింది. 13 ఏళ్లు ఆడిన ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ను 2007 జులైలో ఆపి, అదే హాల్లో ‘ద లిటిల్ మెర్మెయిడ్’ను పెట్టింది. అది రెండేళ్లు కూడా నిలవలేదు. పాతదాన్ని తీసేసి కొత్తదాని మీద కాసే పందెం ఇన్నిసార్లు ఓడిపోతున్నా మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటారు. వచ్చే కొత్త నాటకమే రేపటి ‘ఫాంటమ్’ కావచ్చన్న ఆశ వాళ్లని కుదురుగా ఉండనివ్వదు.

మళ్లీ ఆ చివరి వారాల రద్దీ దగ్గరికి వద్దాం. ‘ఫాంటమ్’ ముగింపును 2022 సెప్టెంబర్‌లో ప్రకటించారు. మొదట అనుకున్న తేదీ 2023 ఫిబ్రవరి 18. ప్రకటన రాగానే టికెట్లు ఎంతగా తెగాయంటే ఎనిమిది వారాలు పొడిగించాల్సి వచ్చింది. అంతకుముందూ ఇదే జరిగింది. ‘క్యాట్స్’ 2000 జూన్‌లో ఆగాల్సింది, గిరాకీ వల్ల సెప్టెంబర్ 10 దాకా నడిచింది. ‘లే మిజరాబ్’ 2003 మార్చిలో ఆగాల్సింది, మే దాకా సాగింది. మూడుసార్లూ అభిమానులు ఒకే ప్రశ్న వేశారు: ఇంత జనం వస్తుంటే ఆపడం ఎందుకు? నన్నడిగితే, ఆపుతున్నారు కాబట్టే ఆ జనం వచ్చారు. ఎప్పుడూ ఉండే నాటకాన్ని ఎప్పుడైనా చూడొచ్చు, అంటే ఈ వారం చూడక్కర్లేదు. న్యూయార్క్‌లోనే పుట్టి పెరిగి ఒక్కసారి కూడా ‘ఫాంటమ్’కి వెళ్లనివాళ్లు ఎందరో చివరి నెలల్లో లైన్లో నిలబడ్డారు. ముగింపు తేదీని ఎత్తేసి ఉంటే ఈ రద్దీ రెండు నెలల్లో చల్లబడేది. నిర్మాత కామెరాన్ మాకింతోష్‌కి ఆ సంగతి బాగా తెలుసు, పైన చెప్పిన మిగతా రెండు నాటకాలూ ఆయనవే.

స్థానికులు వాయిదా వేస్తుంటే హాళ్లని నింపేది పర్యాటకులు. కరోనాకి ముందు బ్రాడ్‌వే ప్రేక్షకుల్లో దాదాపు మూడింట రెండు వంతులు బయటి ఊళ్ల నుంచి, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే. పక్కనే న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఉండే మనవాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు టైమ్స్ స్క్వేర్ చూపించి ‘లయన్ కింగ్’కి తీసుకెళ్లడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. భాష పూర్తిగా అర్థం కాకపోయినా కళ్లకి నిండుగా ఉండే నాటకాలు ఇలాంటి ప్రేక్షకుల మీదే బతుకుతాయి. 2020 మార్చి 12న బ్రాడ్‌వే మొత్తం మూతపడి, 2021 అక్టోబర్‌లో ‘ఫాంటమ్’ తిరిగి తెరుచుకునేసరికి విదేశీ పర్యాటకులు ఇంకా పూర్తిగా రాలేదు. అప్పటికే అంచు మీద నడుస్తున్న లెక్క అక్కడే తప్పింది.

ఖర్చు ఎంత మొండిదో చెప్పడానికి బ్రాడ్‌వే ‘స్పైడర్‌మాన్’ నాటకం ఒక్కటి చాలు. సుమారు ఏడున్నర కోట్ల డాలర్ల పెట్టుబడి, వారానికి పది లక్షలు దాటిన ఖర్చు. వెయ్యికి పైగా షోలు ఆడి, ఒక దశలో వసూళ్ల రికార్డులు బద్దలు కొట్టి కూడా 2014 జనవరిలో భారీ నష్టంతో మూతపడింది. మన రెహమాన్ పాటలతో వచ్చిన ‘బాంబే డ్రీమ్స్’ది వేరే కథ. లండన్‌లో 2002 నుంచి రెండేళ్లు బాగానే ఆడింది. అక్కడ మన దేశం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అండగా నిలిచాయి. న్యూయార్క్‌కి వచ్చేసరికి 284 ప్రదర్శనలతో సరి.

లండన్ వాళ్లు ఈ చిక్కుకి ఇంకో దారి కనిపెట్టారు, నాకైతే అది కాస్త దొంగదారిలా అనిపిస్తుంది. అక్కడ ‘ఫాంటమ్’ ఇప్పటికీ ఆడుతోందనే అంటారు. నిజానికి 1986 నాటి ప్రదర్శన 2020లోనే ముగిసింది. 2021 జులైలో మళ్లీ మొదలైనప్పుడు పిట్‌లో 27 మంది బదులు 14 మంది కూర్చున్నారు. ‘లే మిజరాబ్’ కూడా అంతే. 2019లో హాలు మరమ్మతుల పేరుతో పాత ప్రదర్శనను ఆపేశారు. తెరుచుకునేసరికి ఆ నాటకానికి గుర్తుగా నిలిచిన తిరిగే స్టేజి లేదు. బోర్డు అదే, పాటలు అవే, లెక్క మాత్రం కొత్తది. ఉద్యోగం పోయిన వాద్యకారుడి వైపు నుంచి చూస్తే ఇదీ మూసివేతే. కాకపోతే న్యూయార్క్‌లో వీడ్కోలు సభ జరిగింది, లండన్‌లో అదీ లేదు.

అసలు ఒకే నాటకం, ఒకే హాలు, వారానికి ఎనిమిది షోలు అన్న పద్ధతే ఈ జబ్బుకి మూలమని నా అభిప్రాయం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి సంప్రదాయంలో నాటకం ‘మూతపడడం’ అనే మాటే కుదరదు. కుటుంబమే నాటక సమాజం, తెరలు సొంతం, ఇవాళ ‘మాయాబజార్’ అయితే రేపు ఇంకొకటి. జనం తగ్గితే నాటకం మారుస్తారు, ఇంకా తగ్గితే ఊరు మారుస్తారు. అలాగని దాన్ని గొప్పగా చెప్పుకుని మురిసిపోనక్కర్లేదు. అక్కడ నాటకం ఆగదు కానీ ఆడే కుటుంబాల ఆదాయం అడుగంటుతుంది. డజన్ల కొద్దీ ఉన్న సమాజాలు కొద్దిపాటికి తగ్గాయి. బ్రాడ్‌వేలో యూనియన్ జీతం ఉంది కాబట్టి ఆ భారం నాటకం మీద పడుతుంది, ఇక్కడ అది నేరుగా మనుషుల మీద పడుతుంది.

లండన్‌లోని ‘ద మౌస్‌ట్రాప్’ దీర్ఘాయుష్షు వెనుక కూడా పొదుపే ఎక్కువ కనిపిస్తుంది. 1952 నవంబర్ 25న మొదలైన ఆ హత్య నాటకానికి కావలసింది ఒక్క గది సెట్, ఎనిమిది మంది నటులు. ఆర్కెస్ట్రా అక్కర్లేదు. నటులు మారుతుంటారు. హంతకుడు ఎవరో బయట చెప్పొద్దని చివర్లో ప్రేక్షకులనే అడుగుతారు. 2020 మార్చి 16 దాకా దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. కరోనా ఆపింది, 2021 మే 17న మళ్లీ తెర లేచింది. న్యూయార్క్‌లోనే ‘ద ఫాంటాస్టిక్స్’ బ్రాడ్‌వే లెక్కలోకి రాని 153 సీట్ల బుల్లి హాల్లో, పియానో, హార్ప్‌తో 1960 నుంచి 2002 దాకా 17,162 సార్లు ఆడింది. అంకెల్లో ‘ఫాంటమ్’ దాన్ని అందుకోలేదు.

మెజెస్టిక్‌ను బాగుచేసి, 2024 డిసెంబర్‌లో అందులో ‘జిప్సీ’ పెట్టారు. మంచి పేరొచ్చింది, ఆడ్రా మెక్‌డొనాల్డ్ నటనను అందరూ మెచ్చుకున్నారు. అయినా 2025 ఆగస్టులో ఆగిపోయింది. ప్రస్తుతం బ్రాడ్‌వేలో అందరి కళ్లూ ‘వికెడ్’ మీద ఉన్నాయి. 2003 నుంచి ఆడుతున్న ఆ నాటకానికి సినిమా వచ్చాక వసూళ్లు ఇంకా పెరిగాయి. కానీ అది ఆడుతున్న గెర్ష్‌విన్ బ్రాడ్‌వేలోకెల్లా పెద్ద హాలు, సీట్లు 1,900 పైమాటే. వసూళ్లు పడిపోయిన రోజున ఆ సీట్లన్నీ భారమవుతాయి, ఆ హాలు కోసం బయట కాచుకున్నవాళ్లూ చాలామందే ఉంటారు. ఇంకో ఇరవై ఏళ్లకి ఏది మిగులుతుందో పందెం కాయమంటే నేను ‘షికాగో’ మీద కాస్తాను. అది ఉన్న అంబాసడర్‌లో సీట్లు 1,100 దరిదాపుల్లోనే, భారీ సంగీత నాటకాల నిర్మాతలు ముందుగా అడిగే హాలు కాదది.