హిందీ ఖాతాలో లంబాడీ లెక్క

పదో తరగతిలో హిందీకి పాస్ మార్కు 20. మిగతా సబ్జెక్టులకు 35. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా ఇదే లెక్క. హిందీ మన పిల్లలకు కొరుకుడు పడదని సర్కారే ఒప్పుకుని ఇచ్చిన సడలింపు అది. ఆ 20 మార్కుల కోసం పరీక్షలకు నెల ముందు నుంచే ప్రశ్నాజవాబులు బట్టీ పట్టిన లంబాడీ తండా పిల్లాడొకడు నాకు తెలుసు. ఇంట్లో అమ్మను ‘యాడి’ అని పిలుస్తాడు. బడిలో తెలుగు మాట్లాడతాడు. హిందీ అక్షరాలు ఆరో తరగతిలో దిద్దాడు. చివరికి 23తో గట్టెక్కి ఇంటిల్లిపాదికీ టెన్షన్ తీర్చాడు. కేంద్ర ప్రభుత్వ జనాభా లెక్కలు మాత్రం వాడి భాష హిందీయే అంటాయి.

వెటకారానికి చెప్పడం లేదు. 2011 జనగణన భాషల పట్టిక తీసి చూడండి. హిందీ పద్దు ఎదురుగా 52.83 కోట్ల మంది ఉంటారు. దేశ జనాభాలో 43.63 శాతం. పార్లమెంటులోనైనా, టీవీ చర్చలోనైనా హిందీ పెద్దరికం గురించి మాట్లాడేవాళ్లు ముందుగా బయటకు తీసేది ఈ అంకెనే. ఆ పద్దు కింద చిన్న అక్షరాల్లో పొడుగాటి జాబితా ఉంటుంది. అందులో భోజ్‌పురి 5.06 కోట్లు, రాజస్థానీ 2.58 కోట్లు, ఛత్తీస్‌గఢీ 1.62 కోట్లు, మగహీ 1.27 కోట్లు. ఇంకా కిందికి పోతే లమాణి లేదా లంబాడీ అని 32.76 లక్షలు కనిపిస్తాయి. అదే జాబితాలో మరో చోట బంజారీ పేరుతో 15.81 లక్షలు. ప్రాంతాన్ని బట్టి పేరు మారిందంతే, మనుషులు వాళ్లే, మాటా దాదాపు అదే. రెండు వరుసలూ కలిపితే 48 లక్షలు దాటుతుంది. మొత్తం హిందీ ఖాతాలో జమ.

మా అమ్మ భాష హిందీ అని సొంత నోటితో చెప్పినవాళ్లు ఎందరో కూడా అక్కడే ఉంది: 32.22 కోట్లు. అంటే నూటికి 27 మంది కూడా లేరు. మిగతా 20 కోట్ల పైచిలుకు జనం వేరే పేరు చెప్పారు. ఆ పేర్లను ఢిల్లీలో తీసుకెళ్లి హిందీ గంపలో వేశారు.

2011లో ఎన్యూమరేటర్‌గా తండాలు తిరిగిన ఒక టీచరు మిత్రుణ్ని ఈ సంగతి అడిగాను. మాతృభాష గడిలో ఏం రాశావు అంటే, ‘వాళ్లు లంబాడీ అన్నారు, నేను లంబాడీ అనే రాశాను’ అన్నాడు. నిబంధన కూడా అదే. చిన్నప్పుడు అమ్మ మనతో ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష, చెప్పినవాళ్లు ఏ పేరు చెబితే ఆ పేరే రాయాలి. ఒక ముసలమ్మ అయితే ‘మాది మా మాటే సారూ, ఇంకేముంటది’ అందట. పక్కనున్న మనవరాలు సర్ది చెప్పాక లంబాడీ అని రాసుకున్నాడు. ఆవిడకు హిందీలో ఒక్క ముక్క రాదు. పట్టికలో ఆవిడ హిందీ మనిషి. మిత్రుడికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

పొరపాటు పడటానికి పైపైన ఒక సాకు ఉందనుకోండి. లంబాడీలోనూ నీళ్లను ‘పాణి’ అంటారు. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, హిందీలాగే ఉందే అనేస్తాం. ఆ లెక్కన మనం నీరు అంటాం, కన్నడిగులూ నీరు అంటారు. తెలుగూ కన్నడమూ ఒకే భాష అని పట్టికలో కలిపేస్తే ఊరుకుంటామా? వందేళ్ల కిందట దేశ భాషలను సర్వే చేయించిన గ్రియర్సన్ ఈ భాషను హిందీ సంపుటాల్లో పెట్టలేదు. బంజారీ లేదా లభానీ అన్న పేరుతో భిల్లీ భాషలున్న సంపుటంలో పెట్టాడు. రాజస్థానీ, గుజరాతీలతో దీనికి చుట్టరికం. గుజరాతీ హిందీ కానప్పుడు ఇది ఎలా హిందీ అయింది?

ఇందులో భాషాశాస్త్రం ఉందని నేను నమ్మకపోవడానికి రెండు కారణాలు. హైదరాబాద్ బజారులో హిందీ మాట్లాడే మనిషి, ఉర్దూ మాట్లాడే మనిషి గంటసేపు బేరమాడుకోగలరు. ఆ రెండూ పట్టికలో రెండు భాషలు. లంబాడీ ముసలమ్మనూ కాన్పూర్ పెద్దాయననూ ఎదురెదురుగా కూర్చోబెడితే పాణి, రామ్ రామ్ దాటి ముందుకు పోరు. వాళ్లిద్దరిదీ పట్టికలో ఒకే భాష. రెండోది బిహార్ మిథిల ప్రాంతంలో మాట్లాడే మైథిలి సంగతి. 2001 లెక్కలు తీసేనాటికి అదీ హిందీ గంపలోని సరుకే. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో బోడో, డోగ్రీ, సంతాలీలతో పాటు రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌కు ఎక్కింది. అప్పట్నుంచి విడి భాష. 2011లో దాని సొంత పద్దులో 1.36 కోట్ల మంది ఉన్నారు. మిథిలలో ఇళ్లలో మాట్లాడే తీరు ఆ రెండేళ్లలో మారిందా? మారింది పార్లమెంటులో ఓటు. అంటే ఏది భాషో, ఏది హిందీకి తోకో తేల్చేది పలుకుబడి.

అధికారుల వాదన నాకు తెలుసు. ఇంటింటా చెప్పిన పేర్లు పంతొమ్మిది వేలు దాటాయి, అన్నిటికీ విడి పద్దులు పెడితే పట్టిక పట్టికలా ఉండదు, అందుకే దగ్గరి వాటిని కలిపాం, పైగా లంబాడీ సంఖ్యను దాచలేదు, కింద వేశాం కదా అంటారు. కలపాల్సిన అవసరాన్ని కాదనను. ఒకే భాషకు ఉన్న నాలుగు పేర్లను కలపండి. 48 లక్షల మంది భాషను వేరే భాషలో కలపడాన్ని కలపడం అనరు. ఇక కింద వేసిన అంకెను చూసే నాథుడెవరు? వార్తల్లోకీ మ్యాపుల్లోకీ పోటీ పరీక్షల బిట్లలోకీ ఎక్కేది పై వరుసే.

షెడ్యూల్‌లో చోటు సంగతికొద్దాం. సింధీ మాట్లాడేవాళ్లు 27.7 లక్షలు, డోగ్రీ 26 లక్షలు, కొంకణి 22.6 లక్షలు, మణిపురి 17.6 లక్షలు, బోడో 14.8 లక్షలు. సంస్కృతం మాతృభాష అని చెప్పినవాళ్లు 24,821 మంది. అందరూ ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్నారు, ఉండాలి కూడా. ఒక్క లంబాడీ వరుసే ఇందులో ప్రతి భాషనూ దాటేస్తుంది. కానీ విడి భాషగా లెక్కే లేనప్పుడు ఏ అంకె పట్టుకుని ఢిల్లీకి పోతారు? మీరు ఇప్పటికే హిందీలో ఉన్నారు కదా, హిందీ షెడ్యూల్‌లో ఉంది కదా అని తిప్పి పంపడం ఎంత తేలిక!

ఈ మాట తెలుగువాళ్లం ఎవరూ ఎత్తకపోవడం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. హిందీ రుద్దుడు అంటే మనకు వెంటనే రోషం వస్తుంది. ఇంగ్లిష్ మీడియమా తెలుగు మీడియమా అని కోర్టుల దాకా పోయి కొట్టుకున్నాం. దేశం మొత్తమ్మీద ఇంగ్లిష్ మాతృభాష అన్నవాళ్లు 2.6 లక్షలే. ఆ భాష కోసం, దాని మీద ఇంత యుద్ధం. మరాఠీ మనల్ని దాటి మూడో స్థానానికి పోయిందని 2011 అంకెలు చూసి గుండెలు బాదుకున్నాం. మన పొరుగునున్న తండా మొత్తం హిందీ కింద జమయిందని అదే పట్టికలో ఉంది. అటు మాత్రం చూపు పోలేదు.

చూస్తే మన సంగతీ బయటపడుతుందని భయమేమో. తెలుగు పద్దులోనూ వడ్డరి అని దాదాపు రెండు లక్షల మంది ఉపవరుస ఉంది. బంధుత్వం దగ్గరిదే, నిజమే, కానీ వాళ్లను అడిగిందెవరు? బడిలో అయితే మరీ ఘోరం. ఆదిలాబాద్ గోండు పిల్లకూ సీతంపేట సవర పిల్లకూ మొదటి రోజు టీచరు నోటి నుంచి వచ్చే తెలుగు మనకు ఇంగ్లిష్ ఎంతో అంత. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వేశారు. లిపి తెలుగుదే, మాట పిల్లలది. మంచి పని. తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ, ఆపొద్దని రోడ్డెక్కిన తెలుగు భాషాభిమాని ఒక్కడూ నాకు తగల్లేదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంటుంది. మన వ్యాసాల్లో అది తెలుగు మీడియం కోసం మాత్రమే పనికొస్తుంది.

ఏటా ఆగస్టు 29న ఎవరికి దండ వేస్తున్నామో ఆ గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాలని చూశాడు. వ్యాకరణం రాశాడు, నిఘంటువు కట్టాడు. ఆయన వాడుక భాష ఉద్యమాన్ని తీసుకున్నాం. సవరను అక్కడే వదిలేసి వచ్చాం. తెలుగు భాషా దినోత్సవం వేదికల మీద సవరలో మాట్లాడినవాళ్లను నేను చూడలేదు, మీలో ఎవరైనా చూసి ఉంటే సంతోషం.

జనాభా లెక్కలు మళ్లీ వస్తున్నాయి. 2027 ఫిబ్రవరిలో ఇంటింటికీ వచ్చి మనుషుల్ని లెక్కపెడతారు, ఈసారి మొబైల్ యాప్‌లో. జనగణన చేయించే రిజిస్ట్రార్ జనరల్‌కు లంబాడీని హిందీ నుంచి విడదీయమని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ రాయాలి, మూడు నెలలూ ఆరు నెలలూ కమిటీలు వేయకుండా రాయాలి. బంజారా సంఘాలకూ ఒక పని ఉంది. రాయలసీమలో సుగాలి అంటారు, తెలంగాణలో లంబాడీ, మహారాష్ట్రలో బంజారా, చదువుకున్న కుర్రాళ్లు గోర్ బోలి. నాలుగు పేర్లు చెబితే నాలుగు వరుసలవుతాయి. పేరు ఒక్కటి తేల్చుకుని తండా తండాకూ చెప్పి రావాలి. బంజారాల గురువు సేవాలాల్ జయంతి ఫిబ్రవరి 15న. ఎన్యూమరేటర్లు గుమ్మాల్లో ఉండే రోజులవే.