సవరణ: వక్రం ఎత్తు సంభావ్యత కాదు

గణాంక శాస్త్రంలో కలన గణితం గురించి రాసిన టపాలో ఏ విలువలు ఎక్కువగా, ఏవి తక్కువగా వస్తాయో చూపే వక్రం గురించి “వక్రం ఎత్తే సంభావ్యత” అన్న వాక్యం ఉంది. దాన్ని “వక్రం కింది వైశాల్యమే సంభావ్యత, ఎత్తు కేవలం సాంద్రత” అని మార్చి చదవాలి. ఇంత చిన్న తేడాకు ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, ఇక్కడ తడబడితే సమాకలనం (వక్రం కింది వైశాల్యాన్ని లెక్కగట్టే పద్ధతి) అవసరం ఏమిటో ఎప్పటికీ అంతుబట్టదు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు కచ్చితంగా ఐదు నిమిషాలకో రైలు వస్తుందనుకుందాం. వేళ చూసుకోకుండా వెళ్తే, 0 నుంచి 5 నిమిషాల్లో ఎంతసేపైనా ఆగాల్సి రావచ్చు. మొత్తం వైశాల్యం 1 కావాలి కాబట్టి సాంద్రత అంతటా 1/5, అంటే 0.2. రెండు, మూడు నిమిషాల మధ్య రైలు వచ్చే సంభావ్యత 1 × 0.2, అంటే 20 శాతం. సరిగ్గా రెండో నిమిషానికి, రవ్వంత కూడా అటూ ఇటూ కాకుండా వచ్చే సంభావ్యత? సున్నా. వెడల్పు లేని గీతకు వైశాల్యం ఉండదు. అదే ఐదు నిమిషాలను గంటల్లో కొలవండి: మొత్తం వెడల్పు 1/12, ఎత్తు 12! సంభావ్యత ఎన్నడూ 1 దాటదు కదా, మరి ఎత్తు సంభావ్యత ఎలా అవుతుంది?

మధ్యలో ఎత్తుగా ఉండి ఇరువైపులా తగ్గుతూ పోయే నార్మల్ వక్రానికీ ఇదే సూత్రం. సగటుకు ఇరువైపులా ఒక్కో క్రమ విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) మేర వైశాల్యం సుమారు 68.27 శాతం. దీన్ని మామూలు సూత్రాలతో సమాకలనం చేయలేం కాబట్టే పాఠ్యపుస్తకాల చివర ఈ వైశాల్యాల పట్టికలు.

ఆ టపాలోనే అవకలనం (మార్పు రేటు కనుక్కునే పద్ధతి) గురించి రాసినదాంట్లో మార్పేమీ లేదు. చూసిన విలువల దగ్గర వక్రం ఎత్తు అత్యధికమయ్యేలా అంచనాను ఎంచుకునే గరిష్ఠ సంభావ్యతా పద్ధతిలో (maximum likelihood) నిజంగానే ఎత్తుతో పని; ఆ అత్యధిక స్థానాన్ని వెతకడానికే అవకలనం. నిమిషాలను గంటలుగా మారిస్తే ఎత్తులన్నీ ఒకే గుణకంతో పెరుగుతాయి; అంచనా మాత్రం అదే వ్యవధిని చూపుతుంది.